ఉప్పునీళ్లలో సోడియం ఎందుకు రాలేదంటే

ఉప్పునీళ్లలో రెండు పెన్సిల్ ములుకులు పెట్టి కరెంటు పంపినా సోడియం ఎందుకు రాలేదని అడిగావు. ఉప్పును నీళ్లలో కలిపావు కదా తమ్ముడూ, చిక్కంతా అక్కడే. చిత్తూరు బోరునీళ్ల వల్లేమో అని అడిగావు, మినరల్ వాటర్ పోసినా ఇంతే.

1. కాథోడ్ (రుణ ధ్రువానికి కలిపిన ములుకు) దగ్గర సోడియం అయాన్ (ధనావేశమున్న సోడియం కణం) కంటే నీరే తేలిగ్గా ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. నీకు కనబడిన బుడగలు హైడ్రోజన్. అక్కడ సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం తయారవుతుంది. ఆ పెన్సిల్ ములుకు దగ్గర చిటికెడు పసుపు వెయ్యి, ఎర్రబడుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: సోడియం కావాలంటే చుక్క నీరు ఉండకూడదు. వేడితోనే ఉప్పు కరగాలి. దానికి 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఫ్యాక్టరీల్లో కాల్షియం క్లోరైడ్ కలిపి దాన్ని సుమారు 600కి దించుతారు. ఇంట్లో అస్సలు ప్రయత్నించొద్దు. పరీక్షలో మాత్రం "నీరు లేని, కరిగిన సోడియం క్లోరైడ్" అని తప్పకుండా రాయి.

3. రెండో ములుకు దగ్గర ఘాటు వాసన క్లోరిన్‌ది. పీల్చొద్దు, కిటికీలు తెరువు.