వానలో తడిసిన బ్రూక్స్ సీటు కుంగితే

సైకిల్‌కు వేసిన బ్రూక్స్ బీ17 తోలు సీటు వానకు నానిపోయి మధ్యలో కుంగింది, కొబ్బరినూనె రాసి, తోలును లాగి పట్టే బోల్టు బిగించనా అని అడిగారు. దయచేసి ఇప్పుడే రెండూ చేయకండి. తడి తోలు మీద కూర్చుంటే అది తేలిగ్గా సాగుతుంది, అందుకే పూర్తిగా ఆరేదాకా సైకిల్ తొక్కకండి. నీడలో, గాలి తగిలేచోట ఆరనివ్వండి. ఎండ, హెయిర్ డ్రయ్యర్ తగిలితే తోలు బిరుసెక్కి పగుళ్లిస్తుంది.

ఆరాక ప్రూఫైడ్ (బ్రూక్స్ వాళ్లే తోలు సీట్ల కోసం అమ్మే మైనం లాంటి పూత) పలచగా రాయండి, అడుగున గరుకు వైపు కూడా కొంచెం. రాత్రంతా ఉంచి పొద్దున గుడ్డతో రుద్దండి. కొబ్బరినూనె లాంటి నూనెలు మాత్రం వద్దు, అవి లోపలికి ఇంకి తోలును మెత్తబరుస్తాయి, కుంగుడు ఇంకా పెరుగుతుంది.

అప్పటికీ కుంగే ఉంటే సీటు ముందు కొస (ముక్కు) కింద ఉండే ఆ బోల్టును పావు చుట్టు తిప్పి, కొన్నాళ్లు తొక్కి చూడండి. ఎక్కువ బిగిస్తే రివెట్ల దగ్గర తోలు చిరుగుతుంది.

వెనక చక్రానికి మడ్‌గార్డ్ ఉందా? పైన కవర్ వేసినా, చక్రం చిమ్మే నీళ్లు అడుగునుంచి తడిపేస్తాయండీ.