ఖాళీ స్థలంలో మళ్లీ మళ్లీ చెత్త: పిల్లలతో మొదలుపెట్టి చూడండి

మీ కాలనీలోని ఖాళీ స్థలం ఎన్నిసార్లు శుభ్రం చేసినా వారంలో మళ్లీ చెత్తే, గోడకు బొమ్మలు వేద్దామంటే ఎవరూ కదలట్లేదు అన్నారు కదండీ. టెన్షన్ పడకండి. పెద్దవాళ్ల కోసం ఆగకుండా పిల్లలతో మొదలుపెట్టండి.

అమెరికాలోని ఉత్తర ఫిలడెల్ఫియాలో 1986లో లిలీ యే అనే చిత్రకారిణి పాడుబడ్డ స్థలంలో పని మొదలుపెడితే ముందు చేరింది పిల్లలే. తర్వాత ఆ వీధివాళ్లే మొజాయిక్ నేర్చుకుని గోడలకు టైల్స్ ముక్కలు అతికించారు. బయటి ఆర్టిస్టు వచ్చి వేసి వెళ్లిపోతే ఇంత సొంతమనే భావం రాదు.

బొమ్మ ఏం వేయాలంటారా? మీ వీధిలో పాతకాలం మామ్మగార్లను అడగండి. అక్కడ బావి ఉండేదా, చింతచెట్టు ఉండేదా? ఆ సంగతులను మన చేర్యాల పటంలా (తెలంగాణలో కథ చెబుతూ చూపించే బొమ్మల పటం) ఎర్రరంగు మీద వరసగా గళ్లుగళ్లుగా గీయించండి. ఒక్కో బొమ్మ చూపిస్తూ ఆదివారం సాయంత్రం ఆ మామ్మగారే కథ చెప్పొచ్చు. జనం కూర్చుని కథ వినే చోట చెత్త వేయడానికి చాలామందికి చెయ్యి రాదు.

యజమాని దగ్గర రాతపూర్వక అనుమతి తప్పనిసరి. గోడకు చెమ్మ ఉంటే పొక్కులు గీకి, బాగా ఆరాకే ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొట్టండి. ఎక్స్‌టీరియర్ ఎమల్షనే (బయటి గోడలకు వేసే రంగు) వాడండి, పోస్టర్ కలర్స్ వానకు కారిపోతాయి.