పది కోట్ల డాలర్లు కడితే కేసు పోతుందా?

ప్రశ్న: ఫార్ములా వన్ కార్ల పందేల అప్పటి అధిపతి బెర్నీ ఎకిల్‌స్టన్ జర్మనీలో లంచం కేసు నుంచి పది కోట్ల డాలర్లు కట్టి బయటపడ్డాడట. లంచం కేసును డబ్బుతో మూసేయడమంటే అది ఇంకో లంచం కాదా? ఆ డబ్బు ఎవరి జేబులోకి వెళ్ళింది? (విజయవాడ నుంచి)

జవాబు: ఎవరి జేబులోకీ వెళ్ళలేదు. 9.9 కోట్ల డాలర్లు బవేరియా రాష్ట్ర ఖజానాకు, మిగతా పది లక్షలు ప్రాణాంతక జబ్బులున్న పిల్లల సంరక్షణ సంస్థకు వెళ్ళాయి. రహస్యంగానూ జరగలేదు. 2014 ఆగస్టు 5న మ్యూనిక్ కోర్టు బహిరంగంగా ఇచ్చిన ఉత్తర్వు అది. కట్టడానికి వారం గడువిచ్చింది. అప్పటి మారకంలో మన లెక్క 600 కోట్ల రూపాయల పైమాటే.

ముందు కేసేమిటో చూద్దాం. ఒక మీడియా సామ్రాజ్యం అప్పులపాలై కూలినప్పుడు, దానికి అప్పిచ్చిన బాయర్న్ ఎల్‌బీ అనే బవేరియా ప్రభుత్వ బ్యాంకు చేతికి ఫార్ములా వన్‌లో సుమారు 47 శాతం వాటా వచ్చింది. ఆ వాటాను సీవీసీ అనే పెట్టుబడి సంస్థకు అమ్మిన వ్యవహారాన్ని బ్యాంకు తరఫున నడిపిన గెర్హార్డ్ గ్రిబ్‌కోవ్‌స్కీకి ఎకిల్‌స్టన్ వైపు నుంచి 4.4 కోట్ల డాలర్లు ముట్టాయి. తన కుర్చీ కాపాడే కొనుగోలుదారుకే వాటా దక్కేలా ఇచ్చిన లంచం ఇదని ప్రాసిక్యూషన్ వాదన. పుచ్చుకున్న గ్రిబ్‌కోవ్‌స్కీకి 2012లోనే ఎనిమిదిన్నరేళ్ళ జైలు పడింది. లంచం కాదు, నా పన్నుల సంగతి బ్రిటన్ అధికారులకు చెబుతానని అతను బెదిరిస్తే ఇచ్చానని ఎకిల్‌స్టన్ అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, చివరి ప్రశ్నలో మళ్ళీ వస్తుంది.

ఇక చట్టం. జర్మనీ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 153ఎ అనే సెక్షన్ 1975 నుంచి అమల్లో ఉంది. షాపులో చిన్న దొంగతనం చేసినవాడికీ అదే సెక్షన్, కోటీశ్వరుడికీ అదే. చార్జిషీటు పడ్డాక ఇది వాడాలంటే ప్రాసిక్యూటర్, ముద్దాయి, కోర్టు ముగ్గురూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా విచారణ సాగాల్సిందే. ఒప్పుకుంటే కోర్టు కేసును తాత్కాలికంగా ఆపి షరతు పెడుతుంది: ఖజానాకో సేవాసంస్థకో డబ్బు కట్టడం, నష్టపోయినవారికి పరిహారం, సమాజసేవ వంటివి. డబ్బు షరతుకు ఆరు నెలలు మించి గడువు ఇవ్వకూడదు, ఒక్కసారి మూడు నెలలు పొడిగించవచ్చు. కట్టేస్తే కేసు శాశ్వతంగా మూసేస్తారు. సగం కట్టి ఆగిపోతే విచారణ మళ్ళీ మొదలవుతుంది, కట్టిన సగం తిరిగి రాదు. లాయర్ల ఫీజులు ఎటూ ముద్దాయివే.

అసలు కిటుకు నేరాల వర్గీకరణలో ఉంది. కనీస శిక్ష ఏడాది, ఆ పైన ఉన్న నేరాలకు 153ఎ వర్తించదు. తీవ్రమైన లంచం కేసులో ఏడాది నుంచి పదేళ్ళ దాకా శిక్ష వేయొచ్చు కదా, మరి ఎకిల్‌స్టన్‌కు ఎలా వర్తించింది? ‘ప్రత్యేక తీవ్రత’ వల్ల పెరిగే శిక్షను వర్గీకరణకు లెక్కలోకి తీసుకోకూడదని అక్కడి శిక్షాస్మృతి 12వ సెక్షన్ చెబుతుంది. మామూలు లంచానికి కనీస శిక్ష మూడు నెలలే. అలా పెద్ద కేసు కూడా చిన్న ద్వారంలోంచి దూరింది. దానికి తోడు సాక్ష్యం పలచబడింది. గ్రిబ్‌కోవ్‌స్కీ ప్రభుత్వోద్యోగి కిందికి వస్తాడని ఎకిల్‌స్టన్‌కు తెలుసునని రుజువు చేయడం కష్టమని కోర్టుకే అనిపించింది. ముద్దాయి వయసు అప్పటికి 83.

ప్రశ్న: పది కోట్లు అన్న అంకె ఎలా తేల్చారు? కట్టాడు కాబట్టి నేరం ఒప్పుకున్నట్టేనా? (హనుమకొండ నుంచి)

జవాబు: ఒప్పుకున్నట్టు కాదు. నిర్దోషి అని తీర్పు వచ్చినట్టూ కాదు. నేరచరిత్రలో నమోదు కాదు, చట్టం దృష్టిలో అతను నిరపరాధిగానే మిగులుతాడు.

అంకె సంగతి ఆసక్తికరం. జర్మనీలో జరిమానాను రోజుల లెక్కన వేస్తారు. ముద్దాయి రోజు ఆదాయాన్ని బట్టి ఒక రేటు, దాన్ని ఇన్ని రోజులని గుణించడం. రోజుకు గరిష్ఠంగా 30,000 యూరోలు, ఒక నేరానికి 360 రోజులు. అంటే కోటీ ఎనిమిది లక్షల యూరోలు దాటదు. 153ఎ కింద కట్టించే సొమ్ముకు మాత్రం పైపరిమితి లేదు. అందుకే నేరం రుజువై జరిమానా పడితే కట్టాల్సినదానికి దాదాపు ఏడు రెట్లు, సుమారు ఏడున్నర కోట్ల యూరోలు, ఏ నేరమూ రుజువు కాకుండానే వసూలైంది. ధనవంతుణ్ణి వదిలేశారన్న విమర్శలో బలముంది, కానీ చవగ్గా వదిలేశారనలేం. మాకు ఇబ్బందిగా కనిపించేది వేరే: ఆ 4.4 కోట్లు లంచమా, బెదిరింపు సొమ్మా అన్నది ఆ కోర్టులో ఎప్పటికీ తేలలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు మాత్రం ఒక సివిల్ దావాలో, అది లంచమేనని రాసింది. దావా వేసిన కంపెనీ తనకు నష్టం జరిగిందని చూపలేక ఓడిపోయింది, అది వేరే సంగతి.

ప్రశ్న: అదే మ్యూనిక్‌లో అదే ఏడాది బాయర్న్ మ్యూనిక్ ఫుట్‌బాల్ క్లబ్ అధ్యక్షుడు ఉలీ హోనెస్ జైలుకు వెళ్ళాడు. ఆయన దగ్గర డబ్బు లేకనా? (హైదరాబాద్ నుంచి)

జవాబు: డబ్బుంది, దారి మూసుకుపోయింది. జర్మనీలో పన్ను ఎగవేతదారు తనంతట తానే వెల్లడించి, పన్ను, వడ్డీ కడితే శిక్ష తప్పుతుంది. కాకపోతే ఆ వెల్లడింపు పూర్తిగా ఉండాలి, అధికారులు పసిగట్టకముందే రావాలి. హోనెస్ 2013 జనవరిలో ఇచ్చిన పత్రంలో లెక్కలు అసంపూర్ణం. బ్యాంకు కాగితాలు విచారణ ముంగిట గానీ రాలేదు. అవి విప్పేసరికి చార్జిషీటులో 35 లక్షల యూరోలున్న ఎగవేత 2.85 కోట్లకు చేరింది. జర్మనీ అత్యున్నత క్రిమినల్ ధర్మాసనం 2008లోనే, పది లక్షల యూరోలు దాటిన ఎగవేతలో జైలుకు పంపకుండా వదలడం అరుదుగానే ఉండాలని చెప్పింది. 2014 మార్చి 13న మూడున్నరేళ్ళ శిక్ష పడింది. ఆయన అప్పీలుకు వెళ్ళలేదు. సగం వెల్లడించడం అసలు వెల్లడించకపోవడం కంటే ప్రమాదమని అక్కడి పన్ను లాయర్లు ఇప్పటికీ చూపే కేసు ఇది.

ప్రశ్న: ఫిఫా పెద్దలు కూడా ఇలాగే బయటపడ్డారా? (రాజమహేంద్రవరం నుంచి)

జవాబు: స్విట్జర్లాండ్‌లో అలాగే జరిగింది. ఐఎస్‌ఎల్ అనే మార్కెటింగ్ కంపెనీ నుంచి ముడుపులు అందిన కేసులో 2010లో అక్కడి జుగ్ రాష్ట్ర ప్రాసిక్యూటర్లు శిక్షాస్మృతి 53వ ఆర్టికల్ కింద విచారణ ముగించారు. బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య అప్పటి అధ్యక్షుడు రికార్డో టెషేరా 25 లక్షలు, ఫిఫా మాజీ అధ్యక్షుడు జావో హావెలాంజ్ 5 లక్షలు, ఫిఫా సంస్థ 25 లక్షల ఫ్రాంకులు కట్టాయి. కోర్టు పోరాటం తర్వాత 2012లో ఆ కాగితాలు బయటికి వస్తే, టెషేరాకు అందినది కనీసం 1.27 కోట్ల ఫ్రాంకులని తేలింది. పుచ్చుకున్నదాంట్లో అయిదో వంతు కట్టి బయటపడ్డాడన్నమాట. 2019 జులై నుంచి ఆ ఆర్టికల్‌ను బిగించారు. ఇప్పుడు జరిగింది ఒప్పుకోకుండా కేసు మూయించుకోవడం కుదరదు.

అమెరికా తీరు ఇంకోటి. ఫిఫాకే సంబంధించిన మరో కేసులో బ్రెజిల్ వ్యాపారి జోసే హావీలా 15.1 కోట్ల డాలర్లు వదులుకోవడానికి ఒప్పుకున్నాడు, కానీ ముందు నేరం ఒప్పుకున్నాకే.

ప్రశ్న: మన క్రికెట్ సంఘాల పెద్దలకూ ఈ సౌకర్యం ఉందా? (తిరుపతి నుంచి)

జవాబు: 153ఎ లాంటిది మనకు లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షన్‌లో రాజీకి వీలైన నేరాల జాబితాలు రెండున్నాయి. మోసం, నమ్మకద్రోహం వంటివి కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు. అక్కడ ఒప్పుకోవాల్సింది నష్టపోయిన ఫిర్యాది, సొమ్ము వెళ్ళేదీ అతనికే. అవినీతి నిరోధక చట్టం కేసులకు రాజీ లేదు. హైకోర్టుకున్న ప్రత్యేకాధికారంతో కొట్టివేయిద్దామన్నా, అవినీతి చట్టం కేసుల్ని రాజీ పేరుతో కొట్టేయరాదని జ్ఞాన్ సింగ్ కేసులో 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే ప్లీ బార్గెయినింగ్ ఏడేళ్ళ వరకు శిక్ష ఉన్న నేరాలకే. అభియోగాలు మోపిన 30 రోజుల్లో అర్జీ పెట్టాలి, పైగా అందులో నేరస్థుడన్న ముద్ర తప్పదు. జర్మనీ పద్ధతికి కాస్త దగ్గరగా ఉన్నది ఆదాయపు పన్ను శాఖ వంటివి చేసే కాంపౌండింగ్, అంటే డబ్బు కట్టించుకుని కేసు మూసేయడం.

2009లో ఐపీఎల్‌ను దక్షిణాఫ్రికాలో నడిపిన వ్యవహారంలో 2018లో ఈడీ బీసీసీఐకీ, కొందరు పెద్దలకూ, ఒక బ్యాంకుకూ కలిపి 121 కోట్లకు పైగా జరిమానా వేసింది. దాన్ని చాలామంది క్రిమినల్ కేసనుకుంటారు. విదేశీ మారక చట్టం ఫెమా కింద వేసే పెనాల్టీ సివిల్ వ్యవహారం, దానికి ‘దోషి’ అన్న మాట అంటదు.

ప్రశ్న: ఎకిల్‌స్టన్ తర్వాత ఎప్పుడూ చిక్కలేదా? (కెనడా నుంచి)

జవాబు: చిక్కాడు, బ్రిటన్‌లో, పన్నుల దగ్గరే. అక్కడి పన్ను శాఖ పెద్ద ఎగవేత అనుమానాల్లో ఒక లేఖ పంపుతుంది. 60 రోజుల్లో ఒప్పుకుని మొత్తం వెల్లడిస్తే ఆ ఎగవేత మీద క్రిమినల్ దర్యాప్తు ఉండదు, పన్ను, వడ్డీ, పెనాల్టీతో సరి. అబద్ధం చెబితే ఆ రక్షణ పోతుంది. పన్ను అధికారులు 2015 జులైలో ఇంకేమైనా ట్రస్టులున్నాయా అని అడిగితే ఎకిల్‌స్టన్ లేవన్నాడు. సింగపూర్‌లో 40 కోట్ల పౌండ్లకు పైగా ఉన్న ట్రస్టు బయటపడింది. 2023 అక్టోబర్ 12న, 92 ఏళ్ళ వయసులో, లండన్ సదర్క్ క్రౌన్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. 18 ఏళ్ళ పన్ను లెక్కలకు 65.26 కోట్ల పౌండ్లు కట్టడానికి ఒప్పుకున్నా కేసు మాఫీ కాలేదు. 17 నెలల జైలు శిక్షను రెండేళ్ళపాటు నిలిపి ఉంచుతూ తీర్పు వచ్చింది. మ్యూనిక్‌లో అంటని ముద్ర ఇక్కడ అంటింది.