డైడాక్టిక్: మెప్పా, తప్పా?

సందేహం: నా కథ చదివిన మిత్రుడొకరు “బాగుంది కానీ కొంచెం డైడాక్టిక్‌గా ఉంది” అన్నారు. మెడిసిన్ చదువుతున్న మా అమ్మాయి టైంటేబుల్లోనేమో ‘డైడాక్టిక్ లెక్చర్’ అని ఉంది. ఇది మెచ్చుకోలా, విమర్శా? తెలుగులో ఏమనాలి?

సమాధానం: ఈ మాటకు మూలం గ్రీకు. ‘దిదాస్కైన్’ అంటే నేర్పడం. దాన్నుంచి వచ్చిన ‘దిదాక్తికోస్’ అంటే నేర్పగలిగినవాడు. తెలుగు బైబిల్లో మొదటి తిమోతి పత్రిక 3వ అధ్యాయం తీసి చూడండి. సంఘానికి అధ్యక్షుడయ్యేవాడి లక్షణాల్లో ‘బోధింపతగినవాడు’ అని కనిపిస్తుంది. గ్రీకు మూలంలో అక్కడున్నది ఈ మాటే. పుట్టుకతో ఇది మంచి మాటేనన్నమాట.

మీ అమ్మాయి టైంటేబుల్లోనూ ఇందులో చెడు ఏమీ లేదు. రోగి మంచం దగ్గర నిలబడి నేర్పే క్లినికల్ పాఠం కాకుండా, హాల్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పే పాఠమని అర్థం.

చెడ్డపేరు సాహిత్యంలో వచ్చింది, అదీ ఆలస్యంగా. గ్రీకు కవి హెసియడ్, రోమన్ కవి వర్జిల్ సేద్యపు పనులు నేర్పుతూ కావ్యాలే రాశారు. వాటిని డైడాక్టిక్ కావ్యాలంటే అది ప్రక్రియ పేరే తప్ప నింద కాదు. 19వ శతాబ్దంలో గాలి మారింది. డైడాక్టిక్ కవిత్వమంటే తనకు అసహ్యమని ఆంగ్ల కవి షెల్లీ 1820లో ఒక పీఠికలో రాశాడు. అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో దాన్ని మతద్రోహం లాంటి తప్పుగా లెక్కగట్టాడు. ఇప్పటి సమీక్షకులు ఎక్కువగా వాడేది ఈ అర్థంలోనే.

మీ మిత్రుడి మాట పట్టుకోవడానికి మన అలంకారశాస్త్రమే బాగా పనికొస్తుంది. ఓరుగల్లు విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’లో చెప్పిన విభజన ఉంది కదా: వేదం ప్రభువులా ఆజ్ఞాపిస్తుంది, పురాణం మిత్రుడిలా చెబుతుంది, కావ్యం కాంతలా సరసంగా ఒప్పిస్తుంది. మూడూ ఉపదేశించేవే! తేడా అంతా చెప్పే తీరులో ఉంది. అందుకే కథలో నీతి ఉండటం తప్పని నేననుకోను. కథ ప్రభువు గొంతుతో మాట్లాడితేనే చిక్కు. తీసేసినా కథ చెక్కుచెదరని డైలాగు ఏదైనా ఉందేమో చూసుకోండి, మీ మిత్రుడికి అడ్డు తగిలింది బహుశా అదే.

ఇక తెలుగు. అన్ని చోట్లా ‘ఉపదేశాత్మకం’ అంటే కుదరదు. సుమతి శతకం లాంటి వాటికి ‘నీతిబోధకం’ హాయిగా సరిపోతుంది. లెక్చర్‌కి ‘తరగతి పాఠం’ చాలు. విమర్శగా వాడినప్పుడు మాత్రం ‘కథ నీతులు చెబుతోంది’ అనండి, ఎత్తిపొడుపు కూడా అందులో పలుకుతుంది. దీని చుట్టమే ‘ఆటోడైడాక్ట్’. గురువు లేకుండా తనంతట తాను నేర్చుకున్నవాడు అని. దాన్ని ఎక్కువగా గౌరవంగానే వాడతారు.