ఓపెన్ఎస్ఎస్ఎల్ వాడినా నకిలీ సర్టిఫికెట్ ఎందుకు చెల్లుతోంది?

సీ భాషలో ఓపెన్ఎస్ఎస్ఎల్ (సురక్షిత నెట్‌వర్క్ అనుసంధానాలకు వాడే) లైబ్రరీతో రాసిన క్లయింట్, నకిలీ సర్టిఫికెట్ (సర్వర్ గుర్తింపును తెలిపే డిజిటల్ పత్రం) చూపిన సర్వర్‌తో కూడా ఎందుకు కలుస్తోందని అడిగారు. సర్టిఫికెట్‌లో లోపం కనబడినా క్లయింట్ వైపు ఈ లైబ్రరీ డిఫాల్ట్‌గా అనుసంధానాన్ని ఆపదు. డేటా ఎన్‌క్రిప్ట్ అవుతుంది గానీ, అది ఎవరి చేతికి చేరుతోందో తేలదు. అందువల్ల కాంటెక్స్ట్‌ను (అనుసంధానాల అమరికలను ఉంచే ఆబ్జెక్ట్‌ను) సృష్టించిన వెంటనే, సర్టిఫికెట్ చెల్లకపోతే అనుసంధానాన్ని ఆపే ‘వెరిఫై పీర్’ అమరికను పెట్టి, సిస్టమ్‌లోని నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితాను దానికి అందించాలి. అంతటితో సరిపోదు: వేరే డొమైన్‌కు సక్రమంగా జారీ అయిన సర్టిఫికెట్ కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది కాబట్టి, హ్యాండ్‌షేక్‌కు (అనుసంధానం మొదట్లో క్లయింట్, సర్వర్ జరుపుకునే సంప్రదింపులకు) ముందే, 1.1.0 వెర్షన్ నుంచి ఉన్న ‘సెట్ వన్ హోస్ట్’ ఫంక్షన్‌తో మీరు ఆశించే సర్వర్ పేరును తెలపాలి (చాలామంది మరిచేది దీన్నే). అదే పేరును ఎస్ఎన్ఐ (ఏ సైట్ కావాలో క్లయింట్ సర్వర్‌కు ముందుగా చెప్పే పద్ధతి) కోసం విడిగా ఇవ్వకపోతే, ఒకే ఐపీ చిరునామాపై అనేక సైట్లను నడిపే సర్వర్ వేరొక సర్టిఫికెట్‌ను పంపవచ్చు.