రెండు రిపోర్టుల్లో ఏది నమ్మాలి? పొదుగువాపు పాల పరీక్ష

ప్రశ్న: మా ముర్రా ఎనుముకు వెనక కుడి చన్ను గట్టిపడి, పాలు ముక్కలు ముక్కలుగా పడుతున్నాయి. మూడు రోజులు సూదులు వేయించి, మరుసటి రోజే పాలు ల్యాబుకు పంపితే ‘పెరుగుదల లేదు’ అన్నారు. పది రోజులు ఆగి మళ్లీ పంపితే ‘గ్రామ్ పాజిటివ్ కోకై, కాటలేజ్ పాజిటివ్, కోయాగ్యులేజ్ పాజిటివ్’ అని రాసిచ్చారు. దేన్ని నమ్మాలి? ఇది తేల్చడానికి నాలుగు రోజులెందుకు?
– ఒక పాడి రైతు, జమ్మలమడుగు, కడప జిల్లా

జవాబు: రెండోదాన్ని నమ్మండి. మొదటిసారి పంపిన పాలలో సూదిమందు ఇంకా మిగిలే ఉంటుంది. ల్యాబులో క్రిములను పెంచే ప్లేటు మీద కూడా అది బ్యాక్టీరియాను పెరగనివ్వదు. ‘పెరుగుదల లేదు’ అంటే పొదుగులో క్రిమి లేదని కాదు, ఆ పాల నుంచి పెంచలేకపోయారని మాత్రమే.

రెండో రిపోర్టు స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా వైపు చూపుతోంది. మొదటి రోజు పాలచుక్కను బ్లడ్ అగార్ (రక్తం కలిపిన జెల్లీ) ప్లేటు మీద గీసి 37 డిగ్రీల వేడిలో 24 నుంచి 48 గంటలు ఉంచుతారు. అందులో ఒక్క కాలనీని (బ్యాక్టీరియా పెరిగిన చుక్కను) తీసి, రక్తం లేని అగార్ మీద విడిగా పెంచడానికి మరో రోజు పడుతుంది. రెండు మూడు రకాలు కలిసిన కాలనీతో చేస్తే ఏ పరీక్షా సరైన జవాబు చెప్పదు కాబట్టి ఈ రోజును మిగుల్చుకోవాలని చూడకూడదు.

గ్రామ్ స్టెయిన్ అనే రంగు పరీక్షలో ఊదారంగు గుండ్రటి కణాలు (గ్రామ్ పాజిటివ్ కోకై) కనిపిస్తే అది స్టెఫైలోకాకసా, స్ట్రెప్టోకాకసా అన్నది కాటలేజ్ అనే ఎంజైమ్ పరీక్ష తేలుస్తుంది. స్లైడు మీది కాలనీపై 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేయగానే బుడగలు పొంగితే స్టెఫైలోకాకస్. కాలనీతో పాటు బ్లడ్ అగార్ కొంచెం అంటుకొచ్చినా తప్పుడు పాజిటివ్ వస్తుంది. రక్తకణాల్లోనూ ఈ ఎంజైమ్ ఉండడమే కారణం.

అన్నిటికంటే ముఖ్యమైనది కోయాగ్యులేజ్, అంటే క్రిమి ప్లాస్మాను (రక్తంలోని ద్రవాన్ని) గడ్డకట్టిస్తుందా అని చూసే పరీక్ష. సెలైన్ కలిపి పలచన చేసిన కుందేలు ప్లాస్మా అర మిల్లీలీటరులో కాలనీని కలిపి 37 డిగ్రీల్లో ఉంచి, గంటగంటకూ నాలుగు గంటల వరకు ట్యూబును మెల్లగా వంచి చూడాలి. పెరుగు తోడుకున్నట్లు గడ్డకడితే పాజిటివ్. రాత్రి పెట్టేసి తెల్లారి మాత్రమే చూస్తే మోసపోతాం, ఎందుకంటే కొన్ని రకాలు తామే కట్టిన గడ్డను తామే కరిగించేస్తాయి. నాలుగు గంటలకు కట్టకపోతేనే 24 గంటల దాకా ఆగాలి. కోయాగ్యులేజ్ పాజిటివ్ వచ్చే దగ్గరి జాతులు ఇంకొన్ని ఉన్నాయి. వాటి నుంచి ఆరియస్‌ను విడదీయడానికి వీపీ (వోజెస్-ప్రోస్కాయర్) అనే ఇంకో పరీక్ష తోడు చేస్తారు. ఆరియస్‌కు అది పాజిటివ్.

బుడగలు రాకపోయుంటే దారి స్ట్రెప్టోకాకస్ వైపు తిరిగేది, అప్పుడు దాని రకం తేల్చే క్యాంప్, ఎస్క్యులిన్ పరీక్షలు చేస్తారు. గ్రామ్ స్టెయిన్‌లో ఎర్రగా కనిపించే కడ్డీ ఆకారపు క్రిములైతే (గ్రామ్ నెగటివ్) ఆక్సిడేజ్, ఇండోల్, సిట్రేట్ అనే పరీక్షలు చూస్తారు. ఇండోల్ పాజిటివ్, సిట్రేట్ నెగటివ్ అయితే పేడ నుంచి వచ్చే ఈ.కోలై అనుకోవచ్చు.

ఈ పరీక్షలన్నీ క్రిమి ఏదో చెబుతాయి, మందు ఏదో చెప్పవు. అందుకు క్రిమి ఏ మందుకు లొంగుతుందో చూసే సెన్సిటివిటీ పరీక్ష వేరే ఉంది. దానికి ఇంకో రోజు పడుతుంది. మీ రిపోర్టులో అది లేదు, ల్యాబును తప్పక అడగండి. ఆరియస్‌లో పెన్సిలిన్‌ను విరగ్గొట్టే రకాలు చాలానే ఉన్నాయి. ఆ రిపోర్టు చూసి మీ డాక్టరు ఏ మందు ఎన్ని రోజులని రాస్తే, పాలు తెల్లగా మారినా అన్ని రోజులూ వేయించండి. ఈ క్రిమి పొదుగు కండలో దాక్కుంటుంది, సగంలో ఆపితే మళ్లీ లేస్తుంది. చన్ను గట్టిపడి చాలా రోజులైతే పూర్తిగా నయం కావడం కష్టమే, ఈ మాట దాచలేను.

ఇకపై పాలు పంపాల్సి వస్తే మందు మొదలుపెట్టకముందే తీయండి. పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, తొలి నాలుగు ధారలు వేరే పాత్రలో పిండేయండి. 70 శాతం స్పిరిట్ దూదితో చన్ను కొసను రుద్ది, అది ఆరాక, స్టెరైల్ సీసాను పక్కకు వంచి 5 నుంచి 10 మిల్లీలీటర్లు పట్టండి. ఒక్కో చన్నుకు ఒక్కో సీసా, మీద చన్ను పేరు రాయాలి. స్పిరిట్‌తో తుడిచేటప్పుడు దూరం చన్ను ముందు, పాలు పట్టేటప్పుడు దగ్గరి చన్ను ముందు. తిరగేస్తే తుడిచిన చన్నుకు చెయ్యి తగులుతుంది. మూత లోపలివైపు వేలు పెట్టకండి. మన ఎండలకు సీసా జేబులో పెట్టుకుని బస్సెక్కితే ల్యాబు చేరేలోగా పేడలోని క్రిములే నిండిపోతాయి. ఐసు డబ్బాలో పెట్టి అదే రోజు చేర్చండి.

నయమయ్యేదాకా ఈ ఎనుమును మిగతా పశువుల తర్వాత ఆఖరున పిండండి, ఎందుకంటే ఈ క్రిమి ఒక చన్ను నుంచి ఇంకోదానికి పిండేవాళ్ల చేతుల మీదుగానే పాకుతుంది. పిండాక చన్ను కొసలను 0.5 శాతం అయోడిన్ ద్రావణంలో ముంచి, మేత వేసి అరగంట పడుకోనివ్వకండి. ఆ పాలు దూడకూ, ఇంట్లోకీ, కేంద్రానికీ వద్దు. ఆరియస్ విడిచే విషం పాలు కాచినా పోదు.