కుటుంబ లక్ష్యాల పక్కన పేర్లు కూడా రాయండి

సొంతానికి, కుటుంబానికి, పనికి విడివిడిగా జీవిత లక్ష్యాలు రాసుకోవాలని ఉంది, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి అని అడిగారు. కుటుంబం దగ్గర మొదలుపెట్టండి. అయితే అది మాత్రం ఒక్కరే కూర్చుని రాయొద్దు.

మా ఆయన ఆఫీసులో ఆమధ్య ఏదో ట్రైనింగ్ పెట్టారు. సాయంత్రం మూడు గడులు గీసిన కాగితం పట్టుకుని మహా హుషారుగా ఇంటికొచ్చారు. సొంతం గడిలో బరువు తగ్గడం, పని గడిలో ప్రమోషన్. కుటుంబం గడి మాత్రం నిండిపోయి కాగితం వెనక్కి కూడా పాకింది. పెద్దాడికి లెక్కల్లో మార్కులు పెరగాలి, అమ్మ మందులు వేళకి పడాలి, చిన్నది ఫోన్ తగ్గించాలి, రాత్రిపూట అందరం కలిసి భోంచేయాలి.

"ఎలా ఉంది?" అన్నారు.

"బాగుంది. ఎవరు చేస్తారండీ ఇవన్నీ?"

"మనమే!"

పెన్ను తీసుకుని, ఒక్కో లైను పక్కన ఆ పని ఇప్పుడు ఎవరు చూస్తున్నారో వాళ్ల పేరు రాసుకుంటూ పోయాను. వరసగా అన్నీ నా పేర్లే. కలిసి భోంచేయడం దగ్గర మాత్రం ఆయన పేరు రాశాను, ఆ వేళకి ఇంట్లో ఉండనిది ఆయనొక్కరే కాబట్టి. ఈలోగా పెద్దాడు తొంగి చూసి "నా మార్కులు నన్నడక్కుండా ఎలా రాస్తావు నాన్నా?" అన్నాడు. వాడన్నదీ నిజమే కదా. ఆయన కాసేపు గునిశారు గానీ, అత్తయ్య మందుల పక్కన నా పేరు కొట్టేసి తన పేరు రాసుకున్నారు. ఆ ఒక్కటీ ఇప్పటికీ నడుస్తోంది.

ఈ ట్రైనింగుల్లో 'స్మార్ట్' లక్ష్యాలని ఊదరగొడతారు చూడండి, లక్ష్యానికి ఉండాల్సిన ఐదు లక్షణాల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన మాట, అది 1981లో జార్జ్ డోరన్ అనే ఆయన మేనేజర్ల కోసం రాసిన వ్యాసంలోది. ఆయన చెప్పిన ఆ ఐదు లక్షణాల్లో 'ఎవరు చేస్తారో తేలాలి' అనేది ఒకటి. తర్వాతివాళ్లు చాలామంది దాన్ని పీకేసి 'సాధించగలిగేదై ఉండాలి' అని పెట్టుకున్నారు. ఇంటికి పనికొచ్చే ముక్కే ఎగిరిపోయింది! ప్రతి లక్ష్యానికీ ఐదూ ఉండి తీరాలనేం లేదని కూడా ఆయనే రాశారు, అది ఎవరూ చెప్పరు.

ఇంకోటి. 1953లో యేల్ యూనివర్సిటీలో చదువు ముగించినవాళ్లలో లక్ష్యాలు రాసుకున్న 3 శాతం మంది, మిగతా అందరూ కలిసి సంపాదించినదాని కంటే ఎక్కువ సంపాదించారని ఒక కథ చెబుతారు. మా ఆయనకీ చెప్పారట. అలాంటి సర్వే అసలు జరగనే లేదు. ఎన్నిసార్లు తప్పని తేలినా ట్రైనర్లు దాన్ని వదలరు.

సొంతం గడికి పెద్ద హంగామా అక్కర్లేదు. 'ఆరోగ్యంగా ఉండాలి' అని రాస్తే జరిగేదేమీ ఉండదు. 'పిల్లల్ని స్కూల్లో దింపాక ఇంటికి రాకుండా అటునుంచి అటే నడకకి వెళ్తాను' అని రాయండి. ఫలానా పని అవగానే ఫలానాది చేస్తానని ముడేసుకుంటే జరిగే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్టు చాలా పరిశోధన చేశారు. నా నడక నిలబడింది అలాగే.

ఇక పని. మీరు ఉద్యోగం గురించే అడిగినట్టున్నారు, నాకు అక్కడే ఒళ్లు మండుతుంది. చూపు లేని విద్యార్థుల కోసం నేను పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తాను. జీతం లేదు, ప్రమోషన్ లేదు. చుట్టాలు 'టైంపాస్ బాగా దొరికింది' అంటారు. ఎకనామిక్స్ పుస్తకంలో ఒక గ్రాఫు వస్తే, అది కంటికి కనబడనివాళ్లకి అర్థమయ్యేలా మాటల్లో చెప్పడానికి ఒక్కోసారి పూటంతా పడుతుంది. ఆ పూట ఫోన్ సైలెంట్‌లో పెట్టి తలుపేసుకుంటాను. అందుకే మీ పని గడిలో జీతం వచ్చేది ఒక లైను, రాకపోయినా వదలనిది ఇంకో లైను రాయండి. రెండో లైనుకి వారంలో ఏ పూట ఇస్తారో ఇంట్లోవాళ్లకి ముందే చెప్పేయండి, లేదంటే ఆ పూటకే ఎవరో ఒకరు ఏదో ఒక పని తగిలిస్తారు.